ఘాట్‌లో కాగిపోయే బండి: రేడియేటర్ దగ్గర మొదలై క్రౌన్ దగ్గర తేలిన రిపేరు

నంద్యాల నుంచి గిద్దలూరు వైపు లోడుతో వెళ్ళే డ్రైవర్లకు నల్లమల ఘాట్ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. గాజులపల్లె దాటిన తర్వాత అడవిలో మలుపులు, ఎక్కుడు, ఎండాకాలంలో రాళ్ళ నుంచి కొట్టే సెగ. బండి ఆరోగ్యం ఎలా ఉందో ఆ దారి ఒక్క ట్రిప్పులో చెప్పేస్తుంది. ఈ కేసు అక్కడ కాగిపోతూ వచ్చిన ఒక పాత లారీది. ఓనరు గారి అనుమతితోనే రాస్తున్నాను. బండి నంబరు, మనుషుల పేర్లు, సరుకు ఏ కంపెనీదో రాయను.

ఇది రాయడానికి కారణం ఉంది. రిపేరు మేస్త్రీగా ఈ బండి జబ్బును నేను మొదట తప్పుగా చదివాను. ఓనరు గారి డబ్బు 41,000 రూపాయలు ఆ తప్పులో ఖర్చయింది. ఇలాంటి ఫిర్యాదుతో ప్రతి వేసవిలోనూ బండ్లు వస్తాయి కాబట్టి, ఏ దగ్గర దారి తప్పానో వివరంగా చెబితే ఇంకో షెడ్డులో ఆ ఖర్చు తప్పుతుందని నా ఆశ.

బండి, దాని పాత కథ

టాటా పది టైర్ల బండి, 2004 మోడల్. కమిన్స్ 6బీటీ ఇంజిన్, 5.9 లీటర్లు, టర్బో (పొగ బలంతో ఇంజిన్‌లోకి గాలి తోసేది), ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది) ఉన్నది. ఇన్‌లైన్ డీజిల్ పంపు. వెనక ఒకటే నడిచే యాక్సిల్, రెండోది బరువు మోయడానికి మాత్రమే. ఆర్‌సీ ప్రకారం మొత్తం బరువు 25 టన్నులు. మామూలు లోడు 320 సిమెంటు బస్తాలు, అంటే 16 టన్నులు. ఇప్పటి ఓనరు గారు మూడో చేయి. కొని ఏడాదిన్నర. అంతకు ముందు బండి ఏ రూట్లో తిరిగిందో ఆయన అడగలేదు, మొదట్లో నేనూ అడగలేదు.

ఏప్రిల్ చివర్లో షెడ్డుకు వచ్చింది. డ్రైవరు చెప్పిన మాట ఇది: "అన్నా, నేల మీద ఏం ఇబ్బంది లేదు. ఘాట్ ఎక్కేటప్పుడు ఇరవై నిమిషాలకు ముల్లు ఎర్ర గీత మీదకు పోతుంది. రెండు చోట్ల ఆపి నీళ్ళు పోయాల్సిందే." క్లీనర్ పిల్లవాడి ముంజేతి మీద కాలిన మచ్చ ఉంది. వేడి మీద మూత తిప్పితే ఆవిరి తన్నిందట. ఆ చేయి చూసిన తర్వాత ఈ పని నాకు మామూలు రిపేరుగా అనిపించలేదు.

ముందు గేజీని నమ్మవచ్చా అని చూశాను. ఇంజిన్ వేడిని గేజీకి చెప్పే సెండర్ ఊడదీసి మరిగే నీళ్ళలో పెట్టి, పక్కన థర్మామీటర్ ఉంచితే గేజీ మూడు డిగ్రీలు ఎక్కువ చూపించింది. అంటే పెద్ద అబద్ధం చెప్పడం లేదు. ఇక్కడి నుంచి నేను రాసే అంకెలన్నీ నా డిజిటల్ థర్మామీటర్‌వే, గేజీవి కావు.

హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య సీలు) పోయిందేమోనన్న అనుమానం కూడా ముందే తీసేశాను. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి, రేడియేటర్ నిండా నీళ్ళు పోసి రేస్ ఇస్తే బుడగలు రాలేదు. రాత్రంతా నిలబెట్టినా నీళ్ళు తగ్గలేదు. ఆయిల్‌లో తెలుపు లేదు.

మొదటి నిర్ణయం: రేడియేటర్

నా ఆలోచన ఇలా సాగింది. నేల మీద 60 స్పీడులో ఎదురుగాలి ఫుల్లుగా తగులుతుంది, అక్కడ వేడెక్కడం లేదు. ఘాట్‌లో స్పీడు 18, గాలి అంతా ఫ్యాను లాగాల్సిందే, అక్కడ వేడెక్కుతోంది. కాబట్టి లోపం గాలి వైపో, కోర్ (రేడియేటర్‌లో నీళ్ళు పారే ట్యూబులు, రెక్కలు ఉన్న భాగం) వైపో ఉండాలి. రేడియేటర్ పాతది. ఈ ప్రాంతంలో బోరు నీళ్ళంటే సున్నపు నీళ్ళే, ట్యూబుల్లో సున్నం పట్టి ఉంటుంది. పైకి చూస్తే మధ్యలో రెక్కలు కూడా రాలిపోతున్నాయి.

ఇదంతా సబబుగానే ఉంది. అందుకే నాకు రెండో ఆలోచన రాలేదు. పాత మూడు వరుసల కోర్ తీసి, నాలుగు వరుసల రాగి కోర్ కట్టించి పెట్టాం. 32,000 అయింది. అదే రోజు ఇంటర్‌కూలర్ దించి వెనక వైపు కడిగాం. దానికీ రేడియేటర్‌కూ మధ్య సిమెంటు దుమ్ము, ఆయిల్ తడి కలిసి అట్టలా కట్టింది. మూత కూడా కొత్తది వేశాం.

ఒకే రోజు మూడు మార్పులు చేశాను. ఏది ఎంత పని చేసిందో తెలుసుకునే దారి అక్కడే మూసుకుపోయింది.

మొదటి ట్రిప్పు నుంచి డ్రైవరు ఫోన్ చేసి సంతోషంగా చెప్పాడు: "పొంగలేదన్నా!" నేనూ సంతోషించాను. మూడో ట్రిప్పుకు అసలు విషయం బయటపడింది. పొంగడం ఆగింది గానీ ముల్లు మళ్ళీ ఎర్ర గీత దగ్గరకే వెళ్తోంది. కాకపోతే ఇరవై నిమిషాలకు బదులు ముప్పై నిమిషాలకు.

ఈ రెండు లక్షణాల్లోనే జవాబు ఉంది. పాత మూత స్ప్రింగు చచ్చిపోయి ప్రెషర్ ఆపలేకపోయింది, అందుకే నీళ్ళు 100 డిగ్రీలకే మరిగాయి. 0.7 బార్ పట్టే మంచి మూత ఉంటే మరిగే మట్టం 115 దగ్గరకు పెరుగుతుంది. అంటే పొంగడాన్ని ఆపింది 32,000 రూపాయల కోర్ కాదు, కొన్ని వందల రూపాయల మూత. ఇక ఆలస్యానికి కారణం పెద్ద కోర్‌లో పట్టే అదనపు నీళ్ళు. పెద్ద గిన్నెలో నీళ్ళు కాగడానికి ఎక్కువ సేపు పడుతుంది, మంట మాత్రం అదే. చివరికి ముల్లు ఎక్కడ ఆగుతుందన్నది ఎంత వేడి పుడుతోంది, ఎంత బయటికి పోతోంది అన్న లెక్క మీదే ఉంటుంది. ఆ లెక్క దాదాపు మారలేదు.

రెండో నిర్ణయం: ఫ్యాను

ఓనరు గారికి ఎవరో డైరెక్ట్ ఫ్యాను వేయమన్నారు. వేడెక్కినప్పుడే గట్టిగా తిరిగే విస్కస్ ఫ్యాను తీసేసి, ఎప్పుడూ తిరిగేది పెట్టాలని. నేను కాదనలేదు, ఎందుకంటే విస్కస్ హబ్బు జారుతుందేమోనని నాకూ అనుమానం ఉండేది. 9,000 పెట్టి వేశాం. ఘాట్‌లో ఒకటో రెండో డిగ్రీలు తగ్గాయి, అంతే. నేల మీద మాత్రం విమానం లాంటి చప్పుడు, డీజిల్ ఎక్కువ. ఫ్యాను తినే బలం స్పీడు ఘనంతో పెరుగుతుంది, అంటే స్పీడు రెట్టింపైతే బలం ఎనిమిది రెట్లు. అవసరం లేని చోట ఫుల్లుగా తిరగడం, అవసరమైన ఘాట్‌లో నెమ్మదిగా తిరగడం ఈ ఫ్యాను పని అయింది.

ఘాట్‌లో నెమ్మదిగా ఎందుకు? ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతోంది కాబట్టి. ఈ మాట డ్రైవరు నోటి నుంచే వచ్చింది. "ఫ్యాను గట్టిగా అరిచేది నేల మీదే అన్నా, ఎక్కుడులో అసలు వినపడదు." ఆ ఒక్క వాక్యంతో నేను అప్పటిదాకా చూస్తున్న వైపు నుంచి తల తిప్పాను. ఇంజిన్ ఎక్కుడులో ఎంత తిరుగుతోందో నేను ఒక్కసారి కూడా కొలవలేదు. షెడ్డులో నిలబడిన బండిని చూసి, ఘాట్‌లో నడిచే బండికి మందు రాస్తున్నాను.

కొలత ట్రిప్పు

మే నెలలో ఫుల్ లోడు మీద నేనే క్యాబిన్‌లో కూర్చున్నాను. ముందు రోజు నాలుగు ఏర్పాట్లు చేసుకున్నాను. ఇంజిన్ నుంచి వేడి నీళ్ళు రేడియేటర్‌లోకి వెళ్ళే పై హోస్‌కు, చల్లబడి తిరిగి వచ్చే కింది హోస్‌కు ఒక్కో థర్మామీటర్. టర్బోకు ముందు ఎగ్జాస్ట్ వేడి చూపే పైరోమీటర్. డీజిల్ ఫిల్టర్ తర్వాత ఒక ప్రెషర్ గేజీ. చేతిలో తాకకుండానే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్. పైరోమీటర్ కోసం రంధ్రం వేయడానికి మానిఫోల్డు దించాం. ఇంజిన్ మీదే డ్రిల్లు పెడితే ఇనుప రజను టర్బోలోకి పోతుంది, అక్కడ కక్కుర్తి పడకూడదు.

ఎక్కుడు సగంలో రాసుకున్న అంకెలు ఇవి: మూడో గేరు, 18 కిలోమీటర్ల స్పీడు, ఇంజిన్ 1,300 తిరుగుళ్ళు. పై హోస్ 103, కింది హోస్ 87. ఎగ్జాస్ట్ 715. డీజిల్ ప్రెషర్ నేల మీద ఉన్న దాంట్లో సగం. వెనక నల్లటి పొగ.

ఒక్కొక్కటీ ఏం చెబుతోందో ఆ రాత్రి గిద్దలూరులో కూర్చుని ఆలోచించాను.

పై, కింది హోస్‌ల మధ్య తేడా 16 డిగ్రీలు. అన్నిటికంటే ముందు నన్ను ఆపింది ఇదే. రేడియేటర్ గాలికి వేడి ఇవ్వలేకపోతే కింది హోస్ కూడా పైదానికి దగ్గరగా కాలుతూ ఉండాలి. ఇక్కడ కిందకు వచ్చిన నీళ్ళు బాగా చల్లబడ్డాయి. రేడియేటర్ తన పని తాను చేస్తోంది, దానిలోంచి నీళ్ళే తక్కువ పారుతున్నాయి. ఫుల్ లోడులో ఈ తేడా ఏడెనిమిది డిగ్రీలకు మించితే నీటి పారుదలను అనుమానించాలి. అంటే నేను మార్చిన భాగం తప్ప మిగతావన్నీ అనుమానితులు.

ఎగ్జాస్ట్ 715 అంటే ఈ ఇంజిన్‌కు ప్రమాదపు అంచు. టర్బోకు ముందు 650 దాటకుండా నడిపించాలని నా లెక్క. డీజిల్ ఇచ్చే శక్తిలో సుమారు మూడో వంతు చక్రాలకు, మూడో వంతు పొగగొట్టానికి, మిగతాది నీళ్ళకూ చుట్టుపక్కలకూ పోతుంది. పొగ అంత వేడిగా ఉందంటే నీళ్ళలోకి వచ్చే వేడి కూడా ఎక్కువే. కాగడం మనకు కనిపించేది రేడియేటర్ దగ్గర, వేడి పుట్టేది మాత్రం డీజిల్ పంపు దగ్గర.

ఇక 1,300 తిరుగుళ్ళు. ఈ ఇంజిన్ లాగుడు ఎక్కువగా ఉండేది 1,500 దగ్గర. డ్రైవరు రెండో గేరు వేస్తే ఇంజిన్ అరుస్తుంది, బండి పాకుతుంది, వెనక బండ్లు హారన్ కొడతాయి. మూడో గేరులో ఉంచితే ఇంజిన్ మూలుగుతుంది. మంచి డ్రైవరే, గేర్లు తెలిసిన మనిషే. ఆ ఎక్కుడుకు సరిపోయే గేరు అతని చేతిలో లేదు.

ఆ ట్రిప్పులో ఇంకోటి దొరికింది. ఎక్కుడు మధ్యలో ఆపి, బ్రేకు వాడని దారిలో డ్రమ్ముల మీద గన్ పెట్టాను. మిగతావి 80కి అటూ ఇటూ ఉంటే వెనక యాక్సిల్ ఎడమ డ్రమ్ము 160 చూపించింది. బ్రేకు షూలను తెరిచే క్యామ్ బుష్‌లో సిమెంటు దుమ్ము గడ్డకట్టి, బ్రేకు వదలకుండా పట్టేసి ఉంది. ఇంజిన్ ఇన్నాళ్ళూ బ్రేకును కూడా లాక్కుంటూ ఎక్కింది. ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం కాబట్టి పరీక్షల వరుస అని చూడకుండా మర్నాడే విప్పి, బుష్ మార్చి, గ్రీజు కొట్టించాను.

వెనక్కి నడిస్తే తేలిన కథ

షెడ్డుకు వచ్చాక క్రౌన్ నిష్పత్తి లెక్కపెట్టాం. వెనక యాక్సిల్‌లో చక్రాలను తిప్పే పెద్ద పళ్ళ చక్రం క్రౌన్, దాన్ని నడిపే చిన్నది పినియన్; క్రౌన్ ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలన్నదే నిష్పత్తి. యాక్సిల్ హౌసింగ్ విప్పకుండానే చేయొచ్చు. ఒక చక్రం జాకీ మీద లేపి, రెండోది నేల మీదే ఉంచి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దగీత గీయాలి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పితే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. ఆరు చుట్లకు కాస్త తక్కువ వచ్చింది. అంటే 41 పళ్ళ క్రౌన్, 7 పళ్ళ పినియన్: 5.86.

ఓనరు గారు తమకు ఈ బండి అమ్మిన వారికి ఫోన్ చేశారు. వారు తమ కంటే ముందరి వారిని అడిగి చెప్పారు. అప్పుడు కథంతా వరుసకు వచ్చింది. బండి మొదట 41/6 క్రౌన్‌తో ఉండేది, 6.83. మధ్య ఓనరు పార్సిల్ లోడుతో హైవే మీద తిప్పాడు. తేలిక సరుకు, స్పీడు కావాలి, అందుకని స్పీడు క్రౌన్ వేయించాడు. ఆ పనికి అది సరైనదే. తర్వాత ఆ బండికే బరువు సరుకు ఎక్కడం మొదలైంది. లాగడం లేదని ఎవరో డీజిల్ పంపు పెంచారు, అంటే ఇంజిన్‌కు పోసే డీజిల్ ఎక్కువ చేశారు. పెంచాక వేడెక్కుతోందని ఇంకెవరో థర్మోస్టాట్ వాల్వు (నీళ్ళు తగినంత వేడెక్కాకే రేడియేటర్‌కు వదిలేది) పీకేశారు. ఆ తర్వాత నా దగ్గరకు వచ్చింది, నేను రేడియేటర్ మార్చాను.

ప్రతి మేస్త్రీ తన ముందున్న లక్షణానికి మందు వేశాడు. ప్రతి మందూ తర్వాతి జబ్బుకు కారణమైంది. నేనూ ఆ వరుసలో నాలుగో వాణ్ణి.

ఓనరు గారు అడిగారు: "పంపు తగ్గిస్తే సరిపోతుందిగా మేస్త్రీ, యాక్సిల్ విప్పడం ఎందుకు?" ఖర్చు చూస్తే ఆయన మాట నిజమే. కానీ 5.86 మీద పంపు తగ్గిస్తే మూడో గేరులో బండి అసలు ఎక్కదు. డ్రైవరు ఇంకో షెడ్డుకు వెళ్ళి మళ్ళీ పెంచించుకుంటాడు. లాగుడు తిరిగి ఇచ్చిన తర్వాతే పంపు తగ్గించగలం. ఆయన ఒప్పుకున్నారు, నేనొక షరతు పెట్టాను: ట్రిప్పుకు ఒకే మార్పు, ప్రతి మార్పు తర్వాత అదే ఎక్కుడు, అదే లోడు, మధ్యాహ్నం అదే సమయం, అవే కొలతలు.

మొదటి మార్పు: థర్మోస్టాట్

వాల్వు తీసేస్తే నీళ్ళు ధారాళంగా పారతాయని డ్రైవర్లలో గట్టి నమ్మకం. ఈ ఇంజిన్‌లో జరిగేది దానికి వ్యతిరేకం. థర్మోస్టాట్ మూసి ఉన్నప్పుడు నీళ్ళు బైపాస్ దారిలో తిరిగి వాటర్ పంపుకే వెళ్తాయి. అది తెరుచుకునేటప్పుడు రేడియేటర్ దారి తెరిచి బైపాస్‌ను మూసేస్తుంది. వాల్వే లేకపోతే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నీళ్ళు సులువైన దారినే చూసుకుంటాయి కాబట్టి సగం వేడి నీళ్ళు రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగి పోతాయి. హోస్‌ల మధ్య 16 డిగ్రీల తేడాకు ఒక కారణం ఇదే, ఇంకో కారణం నెమ్మదిగా తిరిగే వాటర్ పంపు.

వాల్వు వేసే ముందు బ్లాక్ కింద ప్లగ్ తీస్తే చుక్క రాలేదు. తీగ పెట్టి పొడిస్తే తుప్పు, సున్నం కలిసిన బురద వచ్చింది. రెండు సార్లు ఫ్లష్ చేసి, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ సగానికి సగం కలిపి పోశాం. ఇకపై బోరు నీళ్ళు వద్దని క్యాబిన్‌లో రెండు క్యాన్లు పెట్టించాను.

ఫలితం: పై హోస్ 99, కింది హోస్ 88. ఎగ్జాస్ట్ కదల్లేదు, అదే 715.

రెండో మార్పు: డీజిల్ లైను, వేడి పెరిగిన ట్రిప్పు

ప్రెషర్ సగానికి పడటానికి కారణం ట్యాంకులోనే దొరికింది. లోపల పీల్చే పైపు జాలీ మట్టితో మూసుకుపోయింది. ట్యాంకు దించి ఆవిరితో కడిగించి, జాలీ మార్చి, ఛాసిస్ మీద నీళ్ళు విడదీసే ముందు ఫిల్టర్ ఒకటి అదనంగా కట్టాం. ఫీడ్ పంపు వాల్వులు మార్చాం. ఈ బండికి నేను చేసిన అదనపు హంగు ఏదైనా ఉందంటే ఈ ఒక్క ఫిల్టరే. గిన్నెలో నీళ్ళు చేరితే కంటికి కనిపిస్తాయి, కుళాయి తిప్పి వదిలేయొచ్చు.

ఘాట్‌లో బండి బాగా లాగింది. కానీ పై హోస్ 101కి, ఎగ్జాస్ట్ 745కి ఎక్కాయి. పొగ ఇంకా నల్లబడింది.

డ్రైవరు ముఖం వాడిపోయింది. నాకు మాత్రం అప్పుడే నమ్మకం కుదిరింది. పంపు హద్దు మీరి పెంచారన్నది అప్పటిదాకా అనుమానమే. మూసుకుపోయిన జాలీ ఇన్నాళ్ళూ దానికి డీజిల్ సరిగ్గా అందకుండా చేసి, తెలియకుండానే ఇంజిన్‌ను కాపాడింది. జాలీ తొలగగానే పంపు అసలు రూపం చూపించింది. ఆ ట్రిప్పు పైభాగంలో పైరోమీటర్ చూసి నేనే డ్రైవరు చేత రెండో గేరు వేయించి, నెమ్మదిగా ఎక్కించాను.

మూడో మార్పు: క్రౌన్

ఇక్కడ చేసిన లెక్క ఓనరు గారికి కాగితం మీద రాసి చూపించాను. 10.00-20 టైరు ఒక చుట్టుకు సుమారు 3.2 మీటర్లు పోతుంది. టాప్ గేరులో 60 స్పీడుకు 5.86 మీద ఇంజిన్ 1,830 తిరుగుతుంది, 6.83 మీద 2,135. అదే ఘాట్‌లో మూడో గేరు, 18 స్పీడులో 1,300 కాస్తా 1,520 అవుతుంది. చక్రాలకు లాగుడు ఆరో వంతు పెరుగుతుంది. వాటర్ పంపు, ఫ్యాను కూడా ఆరో వంతు ఎక్కువ తిరుగుతాయి. టర్బో గాలి పెరుగుతుంది. ఒక్క మార్పుతో ఇన్ని వైపుల నుంచి మేలు జరగడం వల్లే ఇది నాకు నచ్చింది. నష్టం కూడా దాచలేదు. ఖాళీగా వచ్చేటప్పుడు ఇదివరకటిలా 70లో హాయిగా రాలేరు, 60 దగ్గరే ఉండాలి. ఆయన రూట్లో ప్రతి లోడూ ఘాట్ ఎక్కాల్సిందే కాబట్టి ఈ బేరం సబబే అనుకున్నాం.

తుక్కు మార్కెట్‌లో ఒక పాత జత తక్కువకు దొరికింది. తెచ్చి చూస్తే పినియన్ మీద చెక్కిన నంబరూ క్రౌన్ మీద నంబరూ కలవలేదు. ఈ రెండూ ఫ్యాక్టరీలో కలిపి అరగదీసిన జత, వేర్వేరు జతల్లోంచి తెచ్చి కలిపితే మొదట ఊళ వేస్తుంది, తర్వాత పళ్ళు రాలుతాయి. వెనక్కి పంపి కొత్త జత కొన్నాం. పినియన్ బేరింగుల బిగువు, పళ్ళ మధ్య ఖాళీ డయల్ గేజీతో చూసి, పళ్ళకు రంగు పూసి అచ్చు ఎక్కడ పడుతోందో చూసుకున్నాం. మొదటిసారి అచ్చు పంటి బయటి అంచు వైపు పడింది. షిమ్ములు (సందు సరిచేసే పలుచని రేకులు) మార్చి మధ్యకు తెచ్చేసరికి సాయంత్రమైంది. ఈ పనిలో తొందరపడితే మళ్ళీ హౌసింగ్ విప్పాల్సిందే.

విప్పినప్పుడు హౌసింగ్‌లో గాలి పోయే బ్రీథర్ సిమెంటు దుమ్ముతో రాయిలా మూసుకుపోయి కనిపించింది. లోపల ఆయిల్ వేడెక్కి గాలి వ్యాకోచిస్తే పోయే దారి లేక హబ్బు సీళ్ళను తోస్తుంది, ఆయిల్ బ్రేకు లైనర్ల మీదకు వస్తుంది. కుడి వైపు సీలు అప్పటికే చెమర్చింది. కొత్త సీళ్ళు వేసి, బ్రీథర్‌కు పైపు తొడిగి ఛాసిస్ ఎత్తుకు కట్టాం. ఆయిల్ 85డబ్ల్యూ-140. మొదటి 1,000 కిలోమీటర్లు సగం లోడుతో నడిపించి ఆయిల్ మార్చాం.

ఈ సమయంలోనే ఓనరు గారు ఇంకో కోరిక అడిగారు: ఎలాగూ విప్పారు కదా, బరువు హౌసింగ్ వేసి, కమాన్ పట్టీలు రెండు ఎక్కిస్తే ఇంకో ఐదు టన్నులు మోయదా అని. నేను చేయనని చెప్పాను. ఆర్‌సీలో రాసిన బరువే బండి బరువు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట చూసేది అదే. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఐదు టన్నులు ఎక్కించిన రోజు మనం సరిచేసిన వేడి లెక్కంతా మళ్ళీ మొదటికి వస్తుంది, దిగుడులో బ్రేకులు ఆ బరువును ఆపలేవు. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఆ ఊసెత్తలేదు.

క్రౌన్ తర్వాత ఫుల్ లోడు ట్రిప్పు: 1,520 తిరుగుళ్ళు, పై హోస్ 95, ఎగ్జాస్ట్ 680.

నాలుగో మార్పు: పంపు, నాజిళ్ళు

ఇప్పుడు పంపు తగ్గించినా బండి ఎక్కుతుంది. దించి టెస్ట్ బెంచ్‌కు పంపాం. డీజిల్‌కు హద్దు కట్టే మాక్సిమం స్క్రూ సీలు తెగి ఉంది. కంపెనీ లెక్క కంటే దాదాపు ఐదో వంతు ఎక్కువ డీజిల్ పోస్తోంది, ఆరు లైన్లలో సమానంగా కూడా లేదు. ఆరు నాజిళ్ళలో రెండు చిమ్మడానికి బదులు కారుస్తున్నాయి. నాజిళ్ళు మార్చి, పంపును పుస్తకంలోని అంకెకే కట్టించి, సీలు వేయించాను. టైమింగ్ కూడా గుర్తుకు పెట్టించాను.

పై హోస్ 91, కింది హోస్ 84. ఎగ్జాస్ట్ 610. పొగ గేరు మార్చినప్పుడు తప్ప లేదు. డ్రైవరు నాతో అన్నాడు, పంపు తగ్గించారంటే భయపడ్డాను, బండి తేలికైనట్టుందన్నాడు.

తర్వాత డైరెక్ట్ ఫ్యాను తీసి, పాత విస్కస్ హబ్బునే పరీక్షించి తిరిగి పెట్టాం. దానికి ఏ లోపమూ లేదు. ఒక డిగ్రీ పెరిగింది, 92. లోడు మీద లీటరు డీజిల్‌కు 2.9 కిలోమీటర్లు వచ్చేది 3.3 అయింది. ఖాళీ మీద 4.9 నుంచి 4.7కు తగ్గింది, క్రౌన్ వల్ల ఇది ముందే అనుకున్నదే.

ఇప్పుడు నా షెడ్డులో మారినవి

వేడి ఫిర్యాదుతో బండి వస్తే మూత, థర్మోస్టాట్, ఇంటర్‌కూలర్ వెనక భాగం చూడకుండా రేడియేటర్ దించనివ్వడం లేదు. రెండు హోస్‌ల వేడీ తప్పకుండా కొలుస్తాం, అదీ లోడు మీద, ఎక్కుడులో. తేడా ఎక్కువగా ఉంటే నీటి దారి, తేడా తక్కువగా ఉండి రెండూ కాలుతుంటే గాలి దారి. పొగ నల్లగా ఉంటే నీళ్ళ వైపు చేయి పెట్టే ముందే డీజిల్ వైపు చూస్తాం. పాత బండికి సుద్దగీత గీసి క్రౌన్ లెక్కపెట్టడం పది నిమిషాల పని, ఇప్పుడు అది రిజిస్టర్‌లో ఒక గడి. బండి ఇదివరకు ఏ రూట్లో, ఏ సరుకుతో తిరిగిందన్నది మరో గడి.

రేడియేటర్ పూర్తిగా వృథా అయిందని అనను. పాత కోర్ ఇంకో రెండు వేసవులకు ఎలాగూ పోయేది. ఫ్యాను డబ్బులు మాత్రం నేను ఓనరు గారి బిల్లులో తగ్గించాను.

ఆ తర్వాత బండి ఇంకో వేసవి నడిచింది. ఒక్క విషయం ఇప్పటికీ మిగిలే ఉంది. సాయంత్రం పూట వెనక గాలి వీస్తుంటే ఎక్కుడు చివరి మలుపుల్లో పై హోస్ 97 దాకా వెళ్తోంది. వెనక గాలి ఫ్యాను లాగే గాలికి ఎదురు నిలుస్తుంది, బండి స్పీడు 18 అయినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. ఫ్యాను చుట్టూ ఉన్న ష్రౌడ్ ఒక పక్క వంగి, రెక్క చివరకూ దానికీ మధ్య రెండు వేళ్ళు పట్టేంత ఖాళీ ఉంది. వచ్చే సర్వీసుకు అది సరిచేసి, మళ్ళీ అదే సమయానికి క్యాబిన్‌లో కూర్చుని చూడాలి. పైరోమీటర్ బండిలోనే వదిలేశాను. డ్రైవరు ప్రతి లోడుకూ రెండు అంకెలు నోటుబుక్కులో రాసి, ఫొటో తీసి పంపుతున్నాడు.